ఫెర్డినాండ్ పోర్షే

ఫెర్డినాండ్ పోర్షే (సెప్టెంబర్ 3, 1875 - జనవరి 30, 1951) ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో జన్మించిన ప్రసిద్ధ మోటారు వాహన రూపశిల్పి. ఇరవయ్యవ శతాబ్దంలో అత్యధిక కాలం తయారైన కార్లలో ఒకటైన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇతని కార్యాలయంలోనే రూపుదిద్దుకుంది. వాహన చక్రాలకు స్ప్రింగుగా ఉక్కు కడ్డీ మెలిని ఉపయోగించే టార్షన్ బార్ పద్ధతిని ఆచరణయోగ్యంగా తీర్చిదిద్ది, 1931లో దానికి పేటెంటు కోరినవాడు కూడా ఇతడే. నాజీ ప్రభుత్వంతో ఇతనికి గల సన్నిహిత సంబంధం, యుద్ధకాలంలో ఇతని అజమాయిషీలో ఉన్న కర్మాగారంలో జరిగిన నిర్బంధ శ్రమ ఇతని కీర్తికి తీరని మచ్చగా మిగిలాయి.

ఇతని ఇంటిపేరును మన దేశంలో సాధారణంగా పోర్ష్ అని పలుకుతారు. జర్మన్ ఉచ్చారణ ప్రకారం పోర్షే అనడం సరైనది. ఇతని కుమారుని పేరు, ఇద్దరు మనుమల పేర్లు కూడా ఫెర్డినాండ్ అనే మొదలవుతాయి కనుక చదువరులు ఒకరిని మరొకరుగా పొరబడే అవకాశం ఉంది.

బాల్యము, విద్య

పోర్షే ఉత్తర బొహీమియాలోని మాఫర్స్‌డోర్ఫ్ అనే ఊరిలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. దాని చెక్ పేరు వ్రాటిస్లావిట్సే. తండ్రి ఆంటోన్ పోర్షే రేకుపనిలో ఆరితేరిన వృత్తికారుడు. కుమారుడు కూడా అదే వృత్తిలో స్థిరపడాలని తండ్రి కోరిక. బాలుడైన ఫెర్డినాండ్ మనసు మాత్రం విద్యుత్తు మీద ఉండేది. పగలు తండ్రి దుకాణంలో పనిచేస్తూ, రాత్రిపూట సమీపంలోని రైషెన్‌బర్గ్ పట్టణానికి వెళ్ళి సాంకేతిక పాఠశాలలో తరగతులకు హాజరయ్యేవాడు. తమ ఇంటికి స్వయంగా విద్యుద్దీపాలు అమర్చాడు.

పద్దెనిమిదవ ఏట, 1893లో, వియన్నా నగరం చేరి బేలా ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల సంస్థలో చేరాడు. తీరిక దొరికినప్పుడు అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు వినేవాడు. విద్యార్థిగా నమోదు కాలేదు, పట్టం పొందలేదు. తరువాతి కాలంలో ఇతని పేరుకు ముందు కనిపించే డాక్టర్ అనే బిరుదు పరీక్షలు వ్రాసి సంపాదించినది కాదు. 1917లో వియన్నా, 1924లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయాలు ఇచ్చిన గౌరవ పట్టాలే దానికి మూలం.

విద్యుత్ కారు

1898లో పోర్షే, వియన్నాలో రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు తయారుచేసే లోనర్ సంస్థలో చేరాడు. గుర్రాలు పోయి మోటార్లు వస్తాయని గ్రహించిన లోనర్, శబ్దమూ పొగా లేని బండి కావాలనుకున్నాడు. పోర్షే చక్రపు కుంభంలోనే విద్యుత్ మోటారును ఇమిడ్చాడు. దీనివలన గొలుసులు, పళ్ళచక్రాలు, పొడవాటి ఇరుసు వంటివి అవసరం లేకపోయాయి. ఈ లోనర్-పోర్షే కారు 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అందరినీ ఆకర్షించింది.

బ్యాటరీల బరువు అధికం, అవి నడిపే దూరం స్వల్పం. అందుచేత పెట్రోలు ఇంజనుతో జనరేటరును తిప్పి, ఆ విద్యుత్తుతో చక్రాలలోని మోటార్లను నడిపే మిశ్రమ పద్ధతిని ఇతడు రూపొందించాడు. ఇప్పుడు హైబ్రిడ్ అని వ్యవహరించే కార్లకు ఇది తొలి రూపాలలో ఒకటి. 1902లో సైనిక సేవ కాలంలో ఇతడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు కారు నడిపాడు. 1914లో సారాయెవోలో హత్యకు గురై మొదటి ప్రపంచయుద్ధానికి తక్షణ కారణమైన యువరాజు ఇతడే.

పోర్షే 1903లో అలోయిసియా కేస్‌ను వివాహమాడాడు. 1904లో కుమార్తె లూయీజ్, 1909లో కుమారుడు ఫెర్డినాండ్ ఆంటోన్ ఎర్న్‌స్ట్ జన్మించారు. కుమారుని అందరూ ఫెర్రీ అని పిలిచేవారు.

ఉద్యోగాలు

1906లో పోర్షే వీనర్ నోయ్‌స్టాట్‌లోని ఆస్ట్రో-డైమ్లర్ సంస్థకు ప్రధాన రూపశిల్పి అయ్యాడు. 1910లో ప్రిన్స్ హెన్రీ పరీక్షా పందెంలో తాను రూపొందించిన కారును తానే నడిపి గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ ఆ సంస్థ కార్లకే దక్కాయి. యుద్ధకాలంలో భారీ ఫిరంగులను లాగే వాహనాలు తయారుచేశాడు.

1923లో స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్ సంస్థకు సాంకేతిక సంచాలకుడిగా వెళ్ళాడు. సూపర్ ఛార్జరు అమర్చిన మెర్సిడెస్ పందెపు కార్లు ఈ కాలం నాటివి. చిన్న, చవక కారు తయారు చేయాలన్న ఇతని పట్టుదల అక్కడి పాలకవర్గానికి రుచించలేదు. 1928 చివర ఆ ఉద్యోగం ముగిసింది. ఆస్ట్రియాలోని స్టైయర్ సంస్థలో చేరిన కొద్దికాలానికే ఆర్థిక మాంద్యం వచ్చి అదీ పోయింది. ఇతడు ముక్కోపి అని, ఖర్చుకు వెనుకాడడని, ఎక్కడా ఇమడడని పేరు పడింది. యాభై అయిదేళ్ళ వయసులో, దేశమంతా నిరుద్యోగంతో అల్లాడుతున్న వేళ, ఇతనికి మిగిలిన దారి సొంత కార్యాలయం ఒక్కటే.

స్టుట్‌గార్ట్ కార్యాలయము

1931 ఏప్రిల్‌లో పోర్షే పేరుతో స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరింగ్ సలహా సంస్థ నమోదయింది. ఇందులో అల్లుడు ఆంటోన్ పియెష్‌తో పాటు ఆడోల్ఫ్ రోజెన్‌బెర్గర్ అనే పందెపు డ్రైవరు భాగస్వామి. తొలి రోజులలో సంస్థ నిలబడడానికి కావలసిన డబ్బు సమకూర్చినవాడు, పనులు తెచ్చినవాడు రోజెన్‌బెర్గరే. స్టైయర్ నుండి వచ్చిన కార్ల్ రాబే రూపకల్పన విభాగానికి నాయకుడు.

రోజెన్‌బెర్గర్ యూదుడు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన సమయంలోనే ఇతడు సంస్థ నిర్వహణ నుండి తప్పుకున్నాడు. 1935లో ఇతని వాటాను నామమాత్రపు విలువకు ఫెర్రీ పోర్షే తీసుకున్నాడు. అదే సంవత్సరం నాజీలు ఇతనిని అరెస్టు చేసి కిస్లావ్ నిర్బంధ శిబిరంలో ఉంచారు. విడుదలైన తరువాత దేశం వదలి, చివరకు అమెరికా చేరి పేరు కూడా మార్చుకున్నాడు. యుద్ధం ముగిశాక తిరిగి సంస్థలోకి రావాలని ఆశించాడు గానీ ఆ ఆశ నెరవేరలేదు. 1950లో కొంత నగదు, ఒక కారు తీసుకొని రాజీ పడవలసి వచ్చింది. పోర్షే జీవితాన్ని గురించిన పాత పుస్తకాలలో ఈ భాగస్వామి ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలకు మించదు. ఇది సరికాదు. అతడు లేకపోతే ఆ కార్యాలయం మొదటి రెండు సంవత్సరాలు దాటేది కాదని చెప్పవచ్చును.

టార్షన్ బార్

1931 ఆగస్టు 10న ఈ కార్యాలయం టార్షన్ బార్ సస్పెన్షన్‌కు పేటెంటు కోరింది. దీనిని తెలుగులో మెలికడ్డీ అనవచ్చును. అప్పటివరకు కార్లలో ఎక్కువగా వాడినవి కమాను పట్టీలు, అనగా ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్టలు. ఇప్పటికీ లారీలకు ఇవి చూడవచ్చును. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, తుప్పు పడతాయి, బరువు ఎక్కువ. ఎడమ చక్రం గుంతలో పడితే ఇరుసు ద్వారా ఆ కుదుపు కుడి చక్రానికి కూడా చేరుతుంది.

మెలికడ్డీ చూడడానికి మామూలు ఉక్కు కడ్డీయే. దాని ఒక కొనను బండి చట్రానికి కదలకుండా బిగిస్తారు. రెండవ కొనకు ఒక చేతిని తగిలించి, ఆ చేతి చివర చక్రాన్ని అమరుస్తారు. చక్రం ఎత్తు ఎక్కినప్పుడు చేయి పైకి లేచి కడ్డీని మెలితిప్పుతుంది. గతుకు దాటగానే కడ్డీ తన మెలిని విప్పుకొని చక్రాన్ని మునుపటి చోటికి తెస్తుంది. మెలి పెట్టిన తీగ ఎంత బలంతో ఎదురు తిరుగుతుందో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 1784లోనే సూత్రీకరించాడు. ఆ బలం మెలి కోణానికి, కడ్డీ వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమంగాను, పొడవుకు విలోమంగాను ఉంటుంది. అనగా వ్యాసాన్ని పదవ వంతు పెంచితే చాలు, బిగువు 46 శాతం పెరుగుతుంది. విద్యార్థులు 1.1ని నాలుగుసార్లు హెచ్చించి దీనిని సరిచూసుకోవచ్చును.

కడ్డీ మెలిని స్ప్రింగుగా వాడాలన్న ఆలోచన పోర్షేకు ముందు కూడా లేకపోలేదు. దానిని తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో, ప్రతి చక్రం వేరుగా కదిలేటట్లు అమర్చడమే ఈ కార్యాలయం సాధించిన ఘనత. 1934లో వచ్చిన ఆటో యూనియన్ పదహారు సిలిండర్ల పందెపు కారు ముందు చక్రాలకు ఈ పద్ధతే వాడారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ అదే సంవత్సరం విడుదల చేసిన ట్రాక్షన్ అవాంట్ కారులో కూడా మెలికడ్డీలు ఉన్నాయి.

ప్రజల కారు

1934 జూన్ 22న జర్మన్ మోటారు పరిశ్రమ సంఘం చవక కారు రూపకల్పనకు పోర్షేతో ఒప్పందం చేసుకుంది. దీని వెనుక ఉన్నది హిట్లర్ ప్రోద్బలం. కారు ధర 990 మార్కులకు మించరాదన్నది నిబంధన. ఎన్నో ఏళ్ళుగా తాను కన్న కలను నెరవేర్చే పోషకుడు పోర్షేకు దొరికాడు. ఆ పోషకుడు ఎటువంటివాడన్న ప్రశ్న ఇతడు వేసుకున్న దాఖలా కనిపించదు. 1934లో జర్మన్ పౌరసత్వం స్వీకరించాడు. 1937లో నాజీ పార్టీలో చేరాడు, తరువాత ఎస్.ఎస్. దళంలో గౌరవ హోదా కూడా పొందాడు. రాజకీయాలు తెలియని ఇంజనీరు అని అభిమానులు సమర్థించడం పరిపాటి. 1932లో సోవియట్ ప్రభుత్వం పిలిచి పెద్ద పదవి ఇవ్వజూపినప్పుడు ఇతడు అక్కడి పరిశ్రమలన్నీ చూసివచ్చి, ఆలోచించి నిరాకరించాడు. కాదనడం ఇతనికి తెలియని విద్యేమీ కాదు.

ఇంజను వెనుక ఉండి గాలితో చల్లబడే ఈ కారులో నాలుగు చక్రాలకూ మెలికడ్డీలే. ముందువైపు రెండు అడ్డగొట్టాలలో సన్నని ఉక్కు రేకుల కట్టలు, వెనుకవైపు గుండ్రని కడ్డీలు అమర్చారు. వెనుక కడ్డీ లోపలి కొనకు 40 పళ్ళు, వెలుపలి కొనకు 44 పళ్ళు ఉంటాయి. లోపలి కొనను ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు తిరుగుతుంది. వెలుపలి కొనను వ్యతిరేక దిశలో ఒక పన్ను జరిపితే సుమారు 8.2 డిగ్రీలు వెనక్కు వస్తుంది. మిగిలేది సుమారు 0.8 డిగ్రీ. ఇంత సూక్ష్మంగా బండి ఎత్తును సవరించగల ఉపాయం కేవలం పళ్ళ లెక్కతో సాధించారు. రూపకల్పనలో కొన్ని అంశాలు చెకోస్లొవేకియాలోని టట్రా సంస్థలో హాన్స్ లెడ్వింకా చేసిన కార్లను పోలి ఉన్నందున వివాదం నడిచింది. యుద్ధానంతరం, 1965లో, ఫోక్స్‌వ్యాగన్ సంస్థ టట్రాకు పరిహారం చెల్లించింది.

1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ సమీపంలో హిట్లర్ కర్మాగారానికి శంకుస్థాపన చేశాడు. ఆ ఊరినే 1945 నుండి వోల్ఫ్స్‌బుర్గ్ అంటున్నారు. వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అతికించుకుంటే కారు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కన 198 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్ళు పొదుపు చేయాలి. సుమారు 3,36,000 మంది చేరారు. ఒక్కరికి కూడా కారు అందలేదు. వారు వేసిన దావాలు 1961 వరకు సాగి, కొత్త కారు ధరలో 600 మార్కుల వరకు తగ్గింపు, లేదా 100 మార్కుల నగదు అనే రాజీతో ముగిశాయి.

యుద్ధకాలము

యుద్ధం మొదలుకాగానే కర్మాగారం సైన్యపు పనికి మళ్ళింది. బీటిల్ చట్రం మీదనే క్యూబెల్‌వ్యాగన్ అనే సైనిక వాహనం తయారయింది. బురదలోను ఇసుకలోను చిక్కకుండా ఉండేందుకు వెనుక చక్రాల వద్ద పళ్ళచక్రాల పెట్టెలు అమర్చి బండిని నేల నుండి ఎత్తు లేపారు. దీనితో చక్రాలకు లాగే బలం కూడా పెరిగింది. సుమారు 50,000 బండ్లు తయారయ్యాయి. నీటిపై కూడా నడిచే ష్విమ్‌వ్యాగన్ మరొకటి.

ట్యాంకుల విషయంలో మాత్రం పోర్షే విజయం సాధించలేదు. ఇంజను, జనరేటరు, విద్యుత్ మోటార్లతో ఇతడు చేసిన టైగర్ ట్యాంకు నమూనా హెన్షెల్ సంస్థ నమూనా ముందు ఓడిపోయింది. ముందుగానే తయారైపోయిన సుమారు 90 చట్రాలను ట్యాంకు విధ్వంసక వాహనాలుగా మార్చి, ఇతని పేరుమీదుగా ఫెర్డినాండ్ అని పిలిచారు. ఇవి 1943లో కుర్స్క్ యుద్ధంలో పాల్గొన్నాయి. 188 టన్నుల బరువైన మౌస్ అనే ట్యాంకు నమూనా దశ దాటలేదు. వియన్నాలో మొదలైన విద్యుత్ మోటారు వ్యామోహం ఇతనిని చివరివరకు వదలలేదనడానికి ఇవి నిదర్శనాలు.

కర్మాగారంలో పనిచేసినవారు ఎవరన్నది ఇంతకన్న ముఖ్యమైన విషయం. పోలండు, సోవియట్ దేశాల నుండి బలవంతంగా తెచ్చినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు కలిపి యుద్ధకాలంలో సుమారు 20,000 మంది అక్కడ నిర్బంధ శ్రమ చేశారు. శ్రామిక స్త్రీలకు పుట్టిన పసిబిడ్డలను తల్లుల నుండి వేరుచేసి ఉంచిన ర్యూయెన్ శిశుగృహంలో మూడువందలకు పైగా పిల్లలు మరణించారు. దీనికి బాధ్యుడైన కర్మాగార వైద్యుని బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారించింది, 1947లో ఉరితీశారు. పోర్షే ఈ సంస్థ నిర్వాహకులలో ఒకడు. కార్మికుల కొరత తీర్చడానికి ఖైదీలను అడిగి తెప్పించడంలో ఇతని పాత్ర ఉన్నదని చరిత్రకారులు హాన్స్ మొమ్‌సెన్, మాన్‌ఫ్రెడ్ గ్రీగర్ 1996లో ప్రచురించిన బృహద్గ్రంథంలో వివరించారు. ఈ విషయంపై ఇతనిపై విచారణ ఏదీ జరగలేదు.

కారాగారవాసము, చివరి రోజులు

బాంబుదాడుల కారణంగా 1944లో కార్యాలయం ఆస్ట్రియాలోని గ్మ్యూండ్ అనే పల్లెకు తరలింది. 1945 డిసెంబరులో ఫ్రెంచి అధికారులు పోర్షేను, అల్లుడు పియెష్‌ను బాడెన్ బాడెన్‌లో అరెస్టు చేశారు. రెనో సంస్థ తయారుచేస్తున్న చిన్న కారు గురించి ఇతని సలహా తీసుకున్నారు. ఆ తరువాత దిజాన్ చెరసాలలో ఉంచారు. డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో చలిగదిలో గడపడం వలన ఆరోగ్యం దెబ్బతిన్నది. ముందుగా విడుదలైన ఫెర్రీ ఇటలీలోని చిసిటాలియా సంస్థకు పందెపు కారు రూపొందించి, వచ్చిన డబ్బుతో జామీను కట్టి, 1947 ఆగస్టులో తండ్రిని విడిపించాడు. 1948లో ఫ్రెంచి న్యాయస్థానం పోర్షేను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ అభియోగం ఫ్రెంచి కర్మాగారాలకు సంబంధించినది మాత్రమే, వోల్ఫ్స్‌బుర్గ్‌కు సంబంధించినది కాదు.

1948 జూన్ 8న గ్మ్యూండ్‌లో పోర్షే పేరుతో తొలి కారు నమోదయింది. ఇది ఫెర్రీ కృషి. బీటిల్ భాగాలే వాడినందున ఇందులోనూ మెలికడ్డీలే ఉన్నాయి. 1950 నవంబరులో పోర్షే వోల్ఫ్స్‌బుర్గ్ వెళ్ళి, తాను రూపొందించిన కారు వేల సంఖ్యలో తయారవుతుండడం చూశాడు. ఆ తరువాత కొద్దికాలానికే పక్షవాతం వచ్చి, 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో మరణించాడు. ఆస్ట్రియాలోని త్సెల్ ఆమ్ జే వద్ద ఇతనిని ఖననం చేశారు.

బీటిల్ 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టి రికార్డును దాటింది. చివరి బీటిల్ 2003 జూలై 30న మెక్సికోలో తయారయింది. దాని వరుస సంఖ్య 2,15,29,464. పోర్షే స్వగ్రామంలో ఇతని జన్మస్థలమని తెలిపే బోర్డులను నాజీ గతం దృష్ట్యా 2013లో తొలగించారు.

మెలికడ్డీ తరువాతి చరిత్ర

1989 వరకు పోర్షే 911 కార్లలో మెలికడ్డీలే వాడారు. అమెరికాలో కాలిఫోర్నియా యువకులు పాత బీటిల్‌లను ఎడారి పందేలకు మార్చుకొని బాజా బగ్ అని పిలిచారు. కడ్డీ పళ్ళను జరిపి బండిని ఎత్తు లేపే పనికి పైన చెప్పిన 40, 44 లెక్కే వారికి ఆధారం. షెవర్లే, ఫోర్డ్, టొయోటా వంటి సంస్థలు అనేక సంవత్సరాలు తమ పికప్ ట్రక్కుల ముందు చక్రాలకు ఈ కడ్డీలు అమర్చాయి. వీటిలో కడ్డీ ముందు కొన చక్రపు చేతికి, వెనుక కొన చట్రం మీది ఒక చిన్న మీటకు తగిలి ఉంటుంది. ఆ మీటను ఒక బోల్టు నెట్టి ఉంచుతుంది.

బోల్టును బిగిస్తే బండి ముందుభాగం పైకి లేస్తుంది. అందువలన కడ్డీ గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. బండి బరువు మారలేదు కనుక, నిలకడగా ఉన్నప్పుడు కడ్డీలోని మెలి కూడా దాదాపు మారదు. కడ్డీ బిగువు దాని వ్యాసం, పొడవు, లోహం మీద ఆధారపడుతుందే గాని బోల్టు మీద కాదు. మరి ప్రయాణం ఎందుకు కటువుగా తోస్తుంది? చక్రపు చేయి అప్పటికే కిందికి వంగి ఉంటుంది. గుంత వచ్చినప్పుడు ఇంకా కిందికి దిగడానికి చోటు చాలక, అడుగున ఉన్న ఆపుడు దిమ్మెకు తగులుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ముందు ఇరుసుల వాలు పెరిగి కీళ్ళు త్వరగా అరుగుతాయి. చక్రాల వాలు, దిశ కూడా మారతాయి కనుక వీల్ అలైన్‌మెంట్ తప్పక సరిచేయించాలి. బండిని ఎక్కువ ఎత్తు లేపదలచినవారు బోల్టుతో సరిపెట్టక, చేతుల బిగింపు చోట్లను, ముందు డిఫరెన్షియల్‌ను కూడా కిందికి దించే అమరికలు వేసుకుంటారు. అప్పుడు కోణాలు మొదటి స్థితికి దగ్గరగా ఉంటాయి. కడ్డీని ఊడదీసేటప్పుడు బండిని జాకీ మీద లేపి, మీటను పట్టి ఉంచే ప్రత్యేక పనిముట్టుతో మెలిని మెల్లగా విడుదల చేయాలి. మెలిలో దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడితే మీట ఎగిరి ప్రాణాపాయం కలిగించగలదు.

మన దేశంలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు ముందు చక్రాలకు మెలికడ్డీలు ఉండేవి. అవి బ్రిటిష్ మోరిస్ కార్ల నుండి వచ్చినవే గాని పోర్షే నమూనా కావు. ట్యాంకులలో సైతం ఈ పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారైన శరత్ సైనిక వాహనం చక్రాలను మోసేవి మెలికడ్డీలే.